క్లియర్ కాలేదంట

మేము ఆదిలాబాద్ కొండల్లో పుట్టి, ఆ కొండల్లోనే పిల్లలకు చదువు చెప్పుకుంటున్న గోండు పంతుళ్ళం. టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేసి ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మాది ఆశ్రమ పాఠశాల. చిన్న తరగతులకు తెలుగు, లెక్కలతో పాటు ఇంగ్లీషు కూడా మేమే చెబుతాం. ఇంగ్లీషు మాకు నాలుగో భాష. ఇంట్లో గోండి, సంతలో మరాఠీ, బడిలో తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. ఒక చేత్తో నేర్చుకుంటూ ఇంకో చేత్తో నేర్పుతున్నవాళ్ళం కాబట్టి తప్పులు చేశాం. అందులో ఒక తప్పు గురించి ఇక్కడ రాస్తున్నాం. అది ఒకే ఒక్క మాట దగ్గర జరిగింది. ఆ మాట 'క్లియర్'.

మా దగ్గర అక్షరాలు నేర్చుకుని, మా బడిలోనే పది పాసైన ఒక ఆడపిల్ల ఉంది. పేరు ఇక్కడ వద్దు. ఇంటర్ చదవడానికి ఒక వసతి కాలేజీలో సీటు కోసం వాళ్ళ నాన్న నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించాడు. కొత్త ఫొటో లేదు. ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటోలోంచి పిల్ల ముఖం ఒక్కటే కత్తిరించి పెట్టారు. కొన్ని రోజులకు ఫోన్‌కు ఇంగ్లీషులో చిన్న మెసేజ్ వచ్చింది. 'ఫొటో నాట్ క్లియర్' అని, మళ్ళీ పెట్టమని. తండ్రి ఫోన్ పట్టుకుని సెంటర్‌కు పోతే అక్కడి కుర్రాడు తల ఎత్తకుండానే "క్లియర్ కాలేదంట" అన్నాడు.

ఆ మాట ఆ తండ్రికి బాగా తెలుసు. పోడు భూమి కాగితం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. ఎప్పుడు పోయినా ఆయన విన్నది అదే. ఫైలు క్లియర్ కాలేదు, సర్వే క్లియర్ కాలేదు, పైనుంచి క్లియర్ కావాలి. క్లియర్ కాలేదంటే ఇంటికి పోయి ఆగాలి. అది ఆయనకు ఆఫీసులు నేర్పిన అర్థం. ఆయన ఇంటికి వచ్చి ఆగాడు. చివరి తేదీ దాటిపోయింది.

మాకు ఈ సంగతి పత్తి ఏరే రోజుల్లో తెలిసింది. దారి పక్క చేనులో ఆ పిల్ల ఒడి కట్టుకుని పత్తి ఏరుతూ కనబడింది. "ఏమ్మా, కాలేజీకి పోలేదా?" అని అడిగితే "క్లియర్ కాలేదు సార్" అంది. మెసేజ్ చూపించమన్నాం. చూపించింది. క్లియర్ అంటే ఏమిటని అడిగాం. "స్పష్టమైన" అని వెంటనే చెప్పింది. స్పెల్లింగూ చెప్పింది. వ్యతిరేక పదమూ చెప్పింది. మరి ఫొటో స్పష్టంగా లేదంటే ఏం చేయాలి అన్నాం. ఆ పిల్ల మెసేజ్ వంక ఇంకోసారి చూసింది. కొంచెం సేపటికి "కొత్త ఫొటో దిగి పెట్టాల్సింది సార్" అంది. ఇక ఏమీ అనలేదు. వంగి పత్తి ఏరుకోసాగింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లకు 'క్లియర్' అనే మాట నేర్పింది మేమే. బోర్డు మీద ఒక పక్క ఇంగ్లీషు మాట, ఇంకో పక్క తెలుగు మాట రాశాం. మధ్యలో గీత గీశాం. పరీక్షలో పిల్ల ఆ గీతకు ఇవతల ఉన్నది అవతల రాసింది, మార్కులు వచ్చాయి. కానీ ఒక ఫొటో తెచ్చి, "ఇదిగో ఇది క్లియర్, ఇది కాదు, ఎందుకు కాదు, ఏం చేస్తే అవుతుంది" అని ఒక్కసారి కూడా చూపించలేదు. పలక మీద ఉన్న మాట ఫోన్‌లోకి వచ్చేసరికి ఆ పిల్ల దాన్ని గుర్తుపట్టలేదు.

ఆలోచిస్తే, మన పిల్లల బతుకులో ఇప్పుడు ప్రతి పనికీ ఒక బొమ్మ కావాలి. ఆధార్‌కు ఫొటో, బ్యాంకు పుస్తకానికి ఫొటో, కుల ధ్రువీకరణకు స్కాన్, స్కాలర్‌షిప్‌కు స్కాన్. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకునే క్లెయిముకు కూడా పాత కాగితాల నకళ్ళు జతచేస్తాం. ఆ బొమ్మ బాగాలేదని వెనక్కి వచ్చినప్పుడు, ఎందుకు బాగాలేదో చెప్పేది ఇంగ్లీషే. నాట్ క్లియర్, బ్లర్డ్, నాట్ లెజిబుల్, లో రిజల్యూషన్. ఈ నాలుగు మాటలకు నాలుగు వేరు వేరు కారణాలు, నాలుగు వేరు వేరు మందులు ఉన్నాయి. అన్నిటికీ మనం "ఫొటో బాగాలేదంట" అనే ఒక్క అర్థమే చెప్పుకుంటే, ఏ రోగానికైనా ఒకటే మాత్ర మింగినట్టు ఉంటుంది.

అప్పటినుంచి మా బడిలో ఒక నోటు పుస్తకం పెట్టాం. అందులో ఒక్కో మాటకు ఒక పేజీ. పేజీకి పైన ఒక ఫొటో, కింద ఆ మాట, దాని పక్కన ఊళ్ళో ఉన్న ఒక వస్తువు. అర్థం బదులు వస్తువు రాయాలన్నది మా నియమం. పిల్లలు తెచ్చిన వస్తువులు మాకే చాలా నేర్పాయి.

'షార్ప్' దగ్గర పిల్లలు కొడవలి బొమ్మ వేశారు. అది సరైనదే. పదునైన కత్తికీ పదునైన ఫొటోకీ ఇంగ్లీషులో ఒకటే మాట. కొడవలికి పదును ఎక్కడ ఉంటుంది? అంచుకు. ఫొటోకు కూడా అంతే. నల్లటి జుట్టు ఎక్కడ ఆగుతుందో, తెల్లటి గోడ ఎక్కడ మొదలవుతుందో ఆ అంచు గీత గీసినట్టు ఉంటే ఆ ఫొటో షార్ప్. నలుపు మెల్లమెల్లగా బూడిద రంగై, బూడిద మెల్లమెల్లగా తెలుపైతే ఆ అంచు మొద్దుబారినట్టు. మొద్దుబారిన కొడవలి చూపించగానే చివరి వరుస పిల్లలకు కూడా అర్థమైంది.

'క్లియర్' దగ్గర వాగు నీళ్ళు రాశారు. తేట నీళ్ళు. వాన వచ్చిన మర్నాడు వాగు బురదగా ఉంటుంది, అడుగు కనబడదు. నాలుగు రోజులకు తేరుకుంటుంది, రాళ్ళు కనబడతాయి. క్లియర్ అంటే మధ్యలో అడ్డం ఏమీ లేకపోవడం. ఫోన్ కెమెరా అద్దం మీద నూనె చేతి మరక ఉంటే ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది. దానికి మందు మెత్తటి బట్టతో అద్దం తుడవడం. అంతే. ఎంతమంది దరఖాస్తులు ఈ ఒక్క తుడుపు లేక ఆగిపోయాయో!

'ఫజ్జీ' అన్న మాటకు పిల్లలు పత్తి దూది తెచ్చారు. ఇంగ్లీషులో 'ఫజ్' అంటే నూగే. దూది ముద్దకు అంచు ఎక్కడ ఉందో చెప్పలేం, నూగు గాలిలోకి పోతూనే ఉంటుంది. అలా అంచులు నూగు పట్టినట్టున్న బొమ్మ ఫజ్జీ. 'గ్రెయినీ' అన్నదానికి జొన్న రవ్వ తెచ్చారు. గింజ అనే మాటలోంచే అది వచ్చింది. చీకట్లో ఫొటో తీస్తే ముఖం మీద రవ్వ చల్లినట్టు చుక్కలు వస్తాయి. వెలుతురు చాలకపోవడమే దానికి కారణం. ముఖాన్ని కిటికీ వైపు తిప్పితే ఆ రవ్వ చాలావరకు పోతుంది. 'క్రిస్ప్' అన్నదానికి ఒక పిల్లవాడు బాగా కాలిన జొన్న రొట్టె అంచు అన్నాడు. కర్రుమని విరుగుతుంది కాబట్టి. దానికంటే మంచి ఉదాహరణ మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. 'ఫేడెడ్' అంటే వెలిసిపోయిన చీర. 'స్మడ్జ్‌డ్' అంటే తడి వేలు తగిలి పూసుకుపోయిన ముద్ర.

'లెజిబుల్' ముఖానికి వాడే మాట కాదు. అది రాతకు వాడతారు. చదవడానికి వీలుగా ఉందా లేదా అన్నదే దాని అర్థం. మన ధ్రువపత్రాలకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. అసలు కాగితం పెట్టెలో ఉంటుంది. దాని జిరాక్సు, ఆ జిరాక్సుకు జిరాక్సు, దానికి ఫోన్‌లో తీసిన ఫొటో. ప్రతి మెట్టు దగ్గర కొంత రాలిపోతుంది. మూడో నకలుకు తహసీల్దారు సంతకం ఉంటుంది గానీ తేదీ ఉండదు. నాట్ లెజిబుల్ అని వస్తే మన కాగితం దొంగదని కాదు, మనకు అర్హత లేదని కాదు. అసలు కాగితాన్ని వెలుతురులో పరిచి మళ్ళీ స్కాన్ చేయమని అర్థం. ఈ తేడా తెలియక భయపడి దరఖాస్తు వదులుకున్నవాళ్ళు మాకు తెలుసు.

'బ్లర్డ్' అన్న మాటకు రెండు పేజీలు పట్టాయి. ఎందుకంటే ఫొటో చెదరడానికి రెండు కారణాలు. ఒకటి కదలిక. మనిషి కదిలినా, చెయ్యి వణికినా బొమ్మ ఒక వైపుకు సాగినట్టు ఉంటుంది. మోచేతులు పక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే అది తగ్గుతుంది. రెండోది 'అవుట్ ఆఫ్ ఫోకస్'. అప్పుడు ముఖం మసకగా, వెనక ఉన్న చెట్టు మాత్రం తేటగా వస్తుంది. తెర మీద ముఖం దగ్గర వేలితో ఒకసారి తాకి తీస్తే సరిపోతుంది.

ఈ ఫోకస్ అనే మాట దగ్గర మా పిల్లలు చాలా సంతోషపడ్డారు. లాటిన్ భాషలో ఫోకస్ అంటే పొయ్యి. 1604లో కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అద్దాల గురించి రాస్తూ, కిరణాలు వచ్చి కలిసే చోటుకు ఆ మాట వాడాడు. ఎందుకో పిల్లలకు చెప్పకుండా చూపించాం. భూతద్దం తెచ్చి ఎండలో ఎండుటాకు మీద పట్టాం. అద్దాన్ని పైకీ కిందకీ జరుపుతుంటే వెలుగు గుండ్రం చిన్నదవుతూ వచ్చి ఒక చోట చుక్కైంది. ఆ చుక్క దగ్గర ఆకు పొగ వేసింది. "పొయ్యి రాజుకుంది సార్!" అని ఒకడు అరిచాడు. మన ఇళ్ళల్లో సాయంత్రం అందరూ వచ్చి చేరేది పొయ్యి దగ్గరికే. వెలుగు వచ్చి చేరే చోటుకూ అదే పేరు. ఆ తర్వాత మా తరగతిలో ఫోకస్ అనే మాట ఎవరూ మరిచిపోలేదు.

'డీటెయిల్' కూడా కోతకు సంబంధించిన మాటే. ఫ్రెంచి భాషలో ముక్కలుగా కోయడం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. బట్ట కత్తిరించే టైలర్ కూడా ఆ ఇంటివాడే. ఒక బొమ్మను ముక్క ముక్కగా చూడగలిగితే అందులో డీటెయిల్ ఉన్నట్టు. దూరం నుంచి చూస్తే తడక ఒక గోడ. దగ్గరికి పోతే ఒక్కో వెదురు బద్ద, అది దేని కిందనుంచి పోయి దేని మీదుగా వచ్చిందో కనబడుతుంది. మంచి ఫొటో దగ్గరికి పోయినకొద్దీ తడకలా విప్పుకుంటుంది. చెడ్డ ఫొటో దగ్గరికి పోతే గళ్ళు గళ్ళు అవుతుంది. ఆ గళ్ళకే 'పిక్సెల్' అని పేరు. అలా గళ్ళు పడ్డ బొమ్మను 'పిక్సెలేటెడ్' అంటారు.

ఇక్కడ లెక్కల తరగతి కలిసింది. 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉన్న ఫొటోలో మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. దాన్నే 12 మెగాపిక్సెల్ అంటారు. అది పెళ్ళి గుంపు ఫొటో అనుకుందాం. అందులో ఒక ముఖం వెడల్పు 20వ వంతు. అంటే 200 చుక్కలు. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది బొమ్మను కుదించి పంపుతుంది. 4000 కాస్తా 1600 అయ్యిందనుకుంటే ముఖానికి మిగిలేవి 80 చుక్కలు. దాన్ని ఇంకొకరికి పంపి, దరఖాస్తులో అడిగిన చిన్న సైజుకు మళ్ళీ కుదిస్తే ముఖంలో కళ్ళు ఉన్నాయని తెలుస్తుంది గానీ ఎవరి కళ్ళో తెలియదు. ఆ ఆడపిల్ల ఫొటోకు జరిగింది సరిగ్గా ఇదే. పిల్లలే బోర్డు మీద లెక్క వేశారు. పెద్దది చేస్తే పోయిన చుక్కలు తిరిగి రావని కూడా వాళ్ళే తేల్చారు. అందుకని మా నోటు పుస్తకంలో ఆ పేజీ కింద రాసుకున్నాం: ముఖం కోసం వేరే ఫొటో దిగాలి, పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి.

'రిజల్యూషన్' అన్న మాటను మాత్రం పగలు చెప్పలేకపోయాం. రాత్రి హాస్టల్ ఆవరణలో పిల్లల్ని పడుకోబెట్టి ఆకాశం చూపించాం. ఉత్తరాన మంచం కోళ్ళలాంటి నాలుగు చుక్కలు, వెనక తోకలా మూడు చుక్కలు. ముసలవ్వ మంచాన్ని దొంగలు ఎత్తుకుపోతున్నారని మన పెద్దలు చెప్పే కథ పిల్లలకు ముందే తెలుసు. ఆ ముగ్గురిలో నడిమి చుక్కను బాగా చూడమన్నాం. దాని పక్కనే ఇంకో చిన్న చుక్క ఉంది. పెళ్ళిలో పురోహితుడు చూపించే అరుంధతి అదే. కొందరికి రెండూ వేరు వేరుగా కనబడ్డాయి. కొందరికి ఒక్కటే చుక్క. దగ్గర దగ్గరగా ఉన్న రెండింటిని రెండుగా చూపించగల శక్తే రిజల్యూషన్ అని చెప్పాం. చుక్క ఒక్కటే కనబడ్డ ఒక పిల్లవాడిని మర్నాడు కంటి పరీక్షకు పంపాం. అద్దాలు వచ్చాయి. బోర్డు మీద మా రాత వాడికి ఏడాదిగా 'బ్లర్డ్'గానే ఉందట. ఆ మాట వాడి దగ్గర లేదు కాబట్టి మాకు చెప్పలేదు. చదువు రాదని మేమే వాడిని వెనక వరుసలో కూర్చోబెట్టాం. ఇది కూడా మా తప్పుల్లో రాసుకోవాల్సిందే.

మాటలు కొన్ని చేరాక, వాటితో ఫొటోలను వర్ణించడం మొదలుపెట్టాం. దానికి మా ప్రాంతపు పాత ఫొటోలు పనికొచ్చాయి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1940లలో మా కొండల్లో, మార్లవాయి గూడెంలో ఉండి గోండుల జీవితాన్ని చూసి రాశాడు. ఆ రోజుల్లోనే మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. మా వృత్తికి మూలం అక్కడ ఉంది. ఆయనకూ భార్య బెట్టీకీ మార్లవాయిలో సమాధులు ఉన్నాయి. ఆయన తీసిన వేలాది ఫొటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి, కంప్యూటర్‌లోనూ చూడవచ్చు. కొన్నింటిని గోడ మీద పడేలా పెట్టి, పిల్లల్ని ఇంగ్లీషులో మూడు వాక్యాలు చెప్పమన్నాం. ఏది షార్ప్‌గా ఉంది, ఏది బ్లర్డ్‌గా ఉంది, ఏ డీటెయిల్ మీకు కనబడింది.

పిల్లలు మాకంటే ఎక్కువ చూశారు. ముఖం షార్ప్ ఫోకస్‌లో ఉంది, వెనక కొండ బ్లర్డ్‌గా ఉంది అన్నారు. అంతటితో ఆగలేదు. గోడకు తడక అల్లిన తీరు, మెడలో నగ, చంకలో బిడ్డ పట్టుకున్న వస్తువు, నేల మీద నీడ పొడుగు, దాన్ని బట్టి పొద్దు ఎంత ఎక్కిందో కూడా చెప్పారు. ఇంగ్లీషులో వాక్యం తడబడింది గానీ చూపు తడబడలేదు. అడవిలో ఆకు చాటున పక్షిని చూసే కళ్ళు అవి. వాళ్ళకు లేనిది చూపు కాదు, చూసినదాన్ని ఆఫీసు భాషలో చెప్పే మాటలే. ఇది అర్థమయ్యాక మా పంతులు పని మాకు కొంచెం తేలికైంది.

ఇంకో రోజు జరిగింది కూడా చెప్పాలి. మేము ట్రైనింగ్ చదివే రోజుల్లో ఒక పాత పుస్తకంలో చూసి నకలు తీసుకున్న ఫొటో ఒకటి మా దగ్గర ఉంది. ఒక గోండు స్త్రీ ముఖం. చాలా షార్ప్. ఒక్కో వెంట్రుక లెక్కపెట్టవచ్చు, పచ్చబొట్టు చుక్కలు లెక్కపెట్టవచ్చు. పిల్లలు తమ దగ్గర ఉన్న మాటలన్నీ వాడేశారు. హై డీటెయిల్, వెరీ క్లియర్, క్రిస్ప్. అంతా అయ్యాక ఒక చిన్నపిల్ల అడిగింది: "సార్, ఈ అవ్వ పేరేంది?" ఫొటో కింద పేరు లేదు. 'గోండు స్త్రీ' అని మాత్రమే ఉంది. "మరి ఏ ఇంటిపేరు? ఏ ఊరు?" అది కూడా లేదు. "అయితే క్లియర్ కాదు సార్" అని ఆ పిల్ల కూర్చుంది.

మేము ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాం. ఇంగ్లీషు ప్రకారం పిల్ల చెప్పింది తప్పు కాదు. క్లియర్ అంటే తేట, అడుగు కనబడాలి. ఆ ఫొటోలో నీళ్ళు తేటగానే ఉన్నాయి, అడుగున ఎవరున్నారో మాత్రం తెలియదు.

దానికి ఎదురుగా ఇంకో ఫొటో. మా గూడెంలో దీపావళి దండారీలో ఫోన్‌తో తీసింది. గుస్సాడి ఆడుతున్న ఒక ముసలాయన. నెమలి ఈకల టోపీ అంతా చెదిరి పచ్చటి పొగలా ఉంది, చేతిలో కర్ర రెండుగా కనబడుతోంది, ముఖం సగం చీకట్లో ఉంది. ఫొటోల పరీక్ష పెడితే అన్నిట్లో సున్నా. తీసిన కుర్రాడు దాన్ని ఫోన్‌లోంచి తీసేయబోయాడు. కానీ గూడెంలో ఎవరికి చూపించినా వెంటనే పేరు చెప్పారు. "ఆ భుజం విసురు ఆయనదే" అన్నారు. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు. ఇంటివాళ్ళ దగ్గర ఆయన ఆట ఆడుతున్న ఫొటో అదొక్కటే. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు గుస్సాడిని దేశమంతా మంచి ఫొటోల్లో చూసింది. మా గూడెం ముసలాయనకు ఉన్నది ఈ చెదిరిన ఫొటోనే. నోటు పుస్తకంలో దాన్ని 'బ్లర్డ్ బై మూవ్‌మెంట్' అన్న పేజీలో అతికించాం. ఆ పేజీలో ఉండటం తప్పు కాదని, ఆట ఆడేవాడు కదలకుండా ఎలా ఉంటాడని పిల్లలే అన్నారు.

ఈ రెండు ఫొటోల వల్ల మాకు తెలిసింది ఇది. షార్ప్ అన్నది బొమ్మకు సంబంధించిన గుణం. దాన్ని కెమెరా ఇస్తుంది, వెలుతురు ఇస్తుంది, చేతి నిలకడ ఇస్తుంది. ఆ గుణానికి పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిని మన పిల్లలు ఒక్కటి కూడా వదలకుండా నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే ఏడాది చదువు పోతుంది. కానీ ఆ బొమ్మలో ఉన్నది ఎవరో చెప్పేది కెమెరా కాదు. అది కింద రాసిన మాట చెబుతుంది. ఆ మాట ఇన్నాళ్ళూ మన గురించి ఎక్కువగా ఇతరులు రాశారు.

అందుకని ఇప్పుడు మా బడిలో ఫొటో తీసిన ప్రతి పిల్లా కింద నాలుగు సంగతులు రాయాలి. మనిషి పేరు ఇంటిపేరుతో సహా, ఊరు, తేదీ, తీసినవారి పేరు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. వచ్చినవాళ్ళు గోండిలో కూడా. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మన లిపిని కంప్యూటర్‌లో టైపు చేయడానికి దారి పడింది. మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఆ అక్షరాలు నేర్చుకుంటున్నారు. వాళ్ళు రాసిన పేర్లు వంకరగా ఉంటాయి, కానీ లెజిబుల్.

తోటి పంతుళ్ళకు మేము చెప్పేది పెద్ద విషయం కాదు. ఇంగ్లీషు మాట చెప్పిన ప్రతిసారీ దానికి ఒక వస్తువు, ఒక పని జోడించండి. 'క్లియర్' చెప్పిన రోజు ఒక ఫోన్ తెచ్చి, అద్దం మీద వేలు రుద్ది ఒకటి, తుడిచి ఒకటి, రెండు ఫొటోలు తీయండి. పది నిమిషాల పని. ఆ తర్వాత 'నాట్ క్లియర్, అప్‌లోడ్ అగైన్' అని బోర్డు మీద రాసి, ఇప్పుడు ఏం చేయాలో పిల్లల్నే అడగండి. మన యువకులకు ఇంకొకటి. మీలో చాలామంది నెట్ సెంటర్లలో, మీసేవల్లో పనిచేస్తున్నారు. మన పెద్దమనిషి ఎవరైనా ఫోన్ పట్టుకుని వస్తే "క్లియర్ కాలేదంట" అని పంపేయకండి. "మామా, ఫొటో మసకగా వచ్చింది, ఇటు వెలుతురుకు రా, ఇంకోటి తీద్దాం" అనండి. అంతకంటే పెద్ద సేవ ఉండదు.

ఆ ఆడపిల్ల మరుసటి సంవత్సరం మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఈసారి ఫొటో మా బడి వరండాలోనే తీశాం, పొద్దున ఎనిమిది గంటల వెలుతురులో. మేము తీసింది చూసి ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "సార్, కళ్ళు ఫోకస్‌లో లేవు, వెనక స్తంభం ఉంది. ఇంకోసారి తీయండి" అంది. రెండోసారి తీశాం. సీటు వచ్చింది. ఆ ఫొటో నకలు ఒకటి మా నోటు పుస్తకంలో 'క్లియర్' అన్న పేజీలో అతికించి ఉంది. కింద ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ ఉన్నాయి. రాసింది ఆమే.